పానాగారం నుండి పానశాల వరకు: తెలుగు సాహిత్యంలో మధుగృహ ఆకర్షణ – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు రాష్ట్రాల పట్టణాలలో 'వైన్స్' అన్న పలక సర్వసాధారణ దృశ్యం. ఆ పలక కింద అమ్ముడయ్యేది ప్రధానంగా విస్కీ, బ్రాందీ, బీరు. ద్రాక్షరసంతో చేసిన వైన్ అందులో స్వల్పభాగం మాత్రమే. పేరుకూ సరుకుకూ పొంతన లేని ఈ పలకకు కొద్ది దూరంలోనే, ఇటీవలి కాలంలో మరొక తరహా స్థలం నగరవీధులలో కనిపిస్తున్నది. మెత్తని వెలుతురు, సన్నని సంగీతం, పలుచని గాజుపాత్రలు, ఇద్దరు ముగ్గురు మాత్రమే కూర్చొనే బల్లలు, వచ్చినవారిని పేరుతో పలకరించే నిర్వాహకుడు ఉండే నాగరికమైన మధుగృహం అది. అక్కడ దొరికే పానీయం ఇంటికి తెచ్చుకుంటే చౌక. అయినా మనిషి ఎక్కువ వెల చెల్లించి అక్కడికే వెళ్తున్నాడంటే, అతడు కొంటున్నది పానీయాన్ని మాత్రమే కాదని స్పష్టం. ఆ స్థలంలో కూర్చొనే అవకాశాన్ని, అక్కడి సాంగత్యాన్ని కూడా అతడు కొంటున్నాడు.

ఈ ఆకర్షణ కొత్తది కాదు. దానిని గురించి ప్రాచీన రాజనీతి గ్రంథాలు ఆలోచించాయి, కావ్యాలు వర్ణించాయి, నాటకాలు ప్రదర్శించాయి, ఉద్యమాలు ప్రశ్నించాయి. అయితే తెలుగు సాహిత్య చరిత్రలో మధుపానాన్ని వర్ణనాంశంగానో, దురాచారంగానో పరిశీలించినంతగా, మధుగృహాన్ని ఒక సామాజిక స్థలంగా పరిశీలించడం జరగలేదు. వర్ణన, నింద అనే ఈ రెండు దృష్టుల మధ్య జారిపోయినది ఆ స్థలం. అక్కడ ఎవరు కూర్చున్నారు, ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరు నిలబడి వడ్డించారు, ఎవరు బయట ఉండిపోయారు అన్న ప్రశ్నలను కొన్ని ముఖ్యమైన ఆధారాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ప్రచురించిన 'ద గ్రేట్ గుడ్ ప్లేస్' అన్న గ్రంథంలో ఇంటిని మొదటి స్థలంగా, పనిచోటును రెండవ స్థలంగా, ఈ రెండూ కాని సమావేశ స్థలాన్ని 'మూడవ స్థలం'గా వ్యవహరించాడు. ఇంటికి దగ్గరగా ఉండడం, హోదాలు పక్కన పెట్టగలగడం, సంభాషణ ప్రధానం కావడం, రోజూ వచ్చే పరిచితులు ఉండడం దాని లక్షణాలు. అటువంటి స్థలం ఆడంబరం లేకుండా సాదాగా ఉంటుందని కూడా అతడు సూచించాడు. ఈ చివరి లక్షణం చర్చనీయం. సొగసు మధుగృహానికి ఆకర్షణ అయినప్పుడు, ఆ సొగసు స్థలాన్ని అందరిదీ చేస్తుందా, కొందరిదే చేస్తుందా? కింది పరిశీలనలో ఈ ప్రశ్న పలుమార్లు ఎదురవుతుంది.

అర్థశాస్త్రంలో పానాగారం

మైసూరులో ఆర్. శామశాస్త్రి 1909లో ప్రకటించిన కౌటిలీయ అర్థశాస్త్రం రెండవ అధికరణంలో సురాధ్యక్షుడి విధులను తెలిపే అధ్యాయం ఉంది. అందులో పానాగారం ఎలా ఉండాలో ఆ గ్రంథం నిర్దేశించింది. అనేక గదులు, విడివిడిగా పడకలు, ఆసనాలు, సుగంధం, పూలమాలలు, నీరు, ఏ ఋతువులోనైనా సుఖంగా ఉండే ఏర్పాటు అవసరమని చెప్పింది. నేటి నాగరిక మధుగృహ నిర్వాహకుడు పాటించే సూత్రాలు కూడా స్థూలంగా ఇవే. పానీయం కంటే ముందు కూర్చొనే చోటును తీర్చిదిద్దాలన్న గ్రహింపు ఆనాటి రాజనీతిజ్ఞుడికి ఉన్నదని దీనివల్ల అవగతమవుతుంది.

మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరు రకాల పానీయాలను ఆ అధ్యాయం పేర్కొన్నది. వీటిలో మధువు అంటే ద్రాక్షరసం. కాపిశాయనం, హారహూరకం అన్నవి దాని భేదాలు. కాపిశి నేటి అఫ్ఘానిస్తాన్ ప్రాంతానికి చెందిన నగరం కనుక, ద్రాక్షమధువు ఆనాటికే దూరదేశపు పేరుతో చెలామణి అయిన పానీయమని గ్రహించవచ్చు. ఊరి పేరును బట్టి వైన్‌ను ఎంచుకొనే నేటి అలవాటుకు ఇది దూరపు బంధువు. క్రీ.శ. 1వ శతాబ్దపు 'పెరిప్లస్' గ్రంథం బరుకచ్ఛ రేవులో దిగుమతి అయ్యే సరుకులలో ఇటలీ, లవొడికియా, అరేబియా ద్రాక్షమద్యాలను పేర్కొన్నది. ఇక్ష్వాకుల రాజధాని నాగార్జునకొండ శిల్పాలలో కొమ్ముపాత్ర పట్టుకొన్న విదేశీ పురుషుడి మూర్తిని పరిశోధకులు గ్రీకు మధుదేవత డయోనైసస్‌తో పోల్చారు. ద్రాక్షమధువు తెలుగునేలకు ఊహలోనైనా పరాయిది కాదనడానికి ఈ శిల్పం ఒక ఆధారం.

అయితే కౌటిల్యుడి పానాగారానికి రెండవ ముఖం ఉంది. అక్కడ గూఢచారులు ఉండాలి. వచ్చినవారు రోజూ చేసే ఖర్చెంత, హఠాత్తుగా చేసే ఖర్చెంత అన్నది వారు కనిపెట్టాలి. కొత్తవారెవరో తెలుసుకోవాలి. మత్తులో నిద్రించినవారి నగలను, వస్త్రాలను, ధనాన్ని గమనించాలి. అవి పోతే వర్తకుడే పరిహారంతో పాటు జరిమానా చెల్లించాలి. అంటే మనిషిని సేదతీర్చే సొగసే అతడి నోరు విప్పించే సాధనం కూడా. రాజ్యం ఆ స్థలాన్ని నిర్మించినది ఆదాయం కోసం, సమాచారం కోసం. పౌరుడి ఆనందం ఆ రెండింటికీ మార్గం.

ఇదే అధ్యాయంలో ఇంకొక విషయం గమనార్హం. సుర తయారీలో వాడే కిణ్వానికి, అంటే పులియబెట్టే పదార్థానికి, సంబంధించిన పనిని స్త్రీలు, బాలురు చేయాలని విధించారు. వచ్చినవారి ఆంతర్యాన్ని రాబట్టే పనికి రూపవతులైన దాసీలను నియోగించారు. ఈ అధ్యాయంలో పానాగారపు శ్రమలోను, వినోదంలోను స్త్రీ ఉన్నది. ఆసనం మీద కూర్చున్న అతిథిగా మాత్రం ఆమె ప్రత్యేకంగా కనిపించదు.

కావ్యలోకంలో మధుపానం

వాత్స్యాయనుడి కామసూత్రం నాగరకుడి దినచర్యలో ఆపానకాలను పేర్కొన్నది. ఇవి ఒకరి ఇళ్లలో ఒకరు జరుపుకొనే పానగోష్ఠులు. ఇక్కడ స్థలం రాజ్యానిది కాదు, మిత్రులది. వెల చెల్లించనవసరం లేదు. ఆహ్వానం మాత్రం అవసరం. ఈ ఆహ్వానితుల లోకమే తరువాత కావ్యంలో స్థిరపడింది. దండి కావ్యాదర్శంలో మహాకావ్యానికి చెప్పిన వర్ణనలలో మధుపానం ఒకటి. భారవి కిరాతార్జునీయంలోను, మాఘుడి శిశుపాలవధలోను ఈ వర్ణన విస్తరించింది. తెలుగు ప్రబంధకవులకు అష్టాదశ వర్ణనల రూపంలో ఈ సంప్రదాయం సంక్రమించింది.

ఈ వర్ణనలలో స్థలం పరమ సుందరం. కాళిదాసు మేఘదూతంలో అలకాపురి యక్షులు మధువు సేవించే మేడలపై స్ఫటికపు నేలలో నక్షత్రాలు ప్రతిఫలిస్తాయి. అయితే ఆ స్థలానికి పొరుగు లేదు, వెల లేదు, రోజూ వచ్చే పరిచితుడు లేడు. పానం శృంగారానికి ఉద్దీపనం. సంభాషణ దానికి లక్ష్యం కాదు. వర్ణనను శాస్త్రం ఆదేశించింది కనుక కవి దానిని నిర్వహించాడు. అందువల్ల వాటి నుండి ఆనాటి పానగృహాల సామాజిక చిత్రాన్ని నేరుగా గ్రహించడం ప్రమాదకరం.

దీనికి భిన్నమైన మార్గం తెలుగులో లేకపోలేదు. వినుకొండ వల్లభరాయడి పేరుతో ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులలో తిరుగుతూ కంటబడినదంతా చెప్పుకొంటారు. అందులోని పూటకూలి ఇంటికి వెల ఉంది, వంటకాల జాబితా ఉంది, తిన్నవారి తృప్తి ఉంది. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రచనకు ఇటువంటి కావ్యాలనే ముఖ్య ఆధారాలుగా స్వీకరించాడు. డబ్బు చెల్లించి పదిమంది మధ్య కూర్చొనే చోటు సాహిత్యానికి యోగ్యమైన వస్తువని ఈ వీథినాటకం నిరూపించింది. ప్రబంధ మధుపాన వర్ణనకు లేనిది ఈ నగరసంచార దృష్టే.

మండువా, దుకాణం

కావ్యం మేడల మీద మధువును వర్ణిస్తున్న కాలంలోనూ ఊరి చివర తాటివనంలో, ఈతవనంలో మరొక పానస్థలం ఉంది. తెలంగాణలో దానిని మండువా అంటారు. మోకు, ముస్తాదులతో చెట్టెక్కిన గౌడు లొట్టి దించేసరికి కింద నీడలో మనుషులు చేరి ఉంటారు. తాటాకు రేకలో పోసిన కల్లు, పక్కన ఉడికించిన గుడాలు, పొలం పనుల ముచ్చట్లు, ఊరి తగాదాలు అక్కడి సామగ్రి. శ్రమజీవులైన స్త్రీలు కూడా కల్లు సేవించడం తెలంగాణ గ్రామజీవితంలో కొత్త కాదు. ఇంటికి దగ్గరితనం, సాదాతనం, పరిచితుల రాకపోకలు, సంభాషణ వంటి ఓల్డెన్‌బర్గ్ లక్షణాలు కావ్యంలోని మేడ కంటే ఈ మండువాకే ఎక్కువగా వర్తిస్తాయి. అయితే హోదాల విస్మృతి మాత్రం అసంపూర్ణం. కూర్చొనే చోటులో, తాగే పాత్రలో కులం పాటించిన దూరాన్ని విస్మరించి మండువాను సమత్వానికి నెలవుగా కీర్తించడం చరిత్రకు న్యాయం కాదు.

శిష్టసాహిత్యం పట్టించుకోని ఈ లోకానికి మౌఖిక సాహిత్యం గౌరవం కల్పించింది. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం ఆరంభంలో మొగలు అధికారాన్ని ఎదిరించిన సర్వాయి పాపన్న కల్లుగీత కులానికి చెందినవాడు. అతడి గాథను జె.ఎ. బాయిల్ 1874లో 'ఇండియన్ ఆంటిక్వరీ'లో పరిచయం చేశాడు. గీతవృత్తి కుటుంబంలో పుట్టినవాడు వీరగాథకు నాయకుడు కావడం, ఆ వృత్తిని చూసే దృష్టి సమాజమంతటా ఒకే తీరుగా లేదనడానికి నిదర్శనం.

వలసపాలన ఈ స్థలం స్వరూపాన్ని మార్చివేసింది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం మద్యం ఉత్పత్తిని, అమ్మకాన్ని ప్రభుత్వ అనుమతికి లోబరచింది. దుకాణాల వేలం, సుంకం, లైసెన్సు అన్న మాటలు వాడుకలో స్థిరపడ్డాయి. దుకాణదారు పాట పాడుకొన్న సొమ్మును రాబట్టుకోవాలి కనుక, వచ్చినవాడు ఎంతసేపు కూర్చున్నాడన్న దానికంటే ఎంత తాగాడన్నది ముఖ్యమైంది. కౌటిల్యుడి పానాగారంలో ఆదాయంతో పాటు అమరిక కూడా ఉంది. ఆబ్కారీ దుకాణంలో ఆదాయం మిగిలి అమరిక తొలగింది.

ఈ సంధికాలపు దుకాణాన్ని నాటకంలోకి తెచ్చినవాడు గురజాడ అప్పారావు. 1897లో తొలిసారిగా, 1909లో సమూలంగా మార్చి ప్రచురించిన కన్యాశుల్కంలో దుకాణదారు ఒక పాత్ర. అతడి చుట్టూ బైరాగి, హవల్దారు, వీరేశ, మునసబు నౌకరు, వైష్ణవుడు చేరుతారు. పగటివేళ ఒకే పంక్తిలో కూర్చోవడానికి అంగీకరించని మతాలు, ఉద్యోగాలు, అంతస్తులు ఇక్కడ ఒకచోట కలుస్తాయి. మహిమల గురించి, మతం గురించి, దొరతనం గురించి వారికి తోచినది వారు మాట్లాడుతారు. గురజాడ వ్యంగ్యం ఆ మాటల డొల్లతనాన్ని బయటపెడుతుంది. అదే సమయంలో ఆ కలయికను కూడా నమోదు చేస్తుంది. సంఘసంస్కరణను కోరిన రచయిత మద్యపానాన్ని ఖండించి ఊరుకోకుండా, అక్కడికి మనుషులు ఎందుకు చేరుతారో చూపించడం విశేషం. ఆ గోష్ఠి సభ్యులకు దుకాణం బయట అంత స్వేచ్ఛగా మాట్లాడే చోటు మరొకటి లేదు.

పుస్తకంలో పానశాల

20వ శతాబ్దం రెండవ పాదంలో తెలుగులో పానశాల రెండు రూపాలలో కనిపిస్తుంది. ఒకటి వీధిలోది. సహాయనిరాకరణ కాలం నుండి కల్లు దుకాణాల వద్ద పికెటింగులు జరిగాయి. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలంలో మద్యనిషేధాన్ని ప్రారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసింది. రెండవది పుస్తకంలోది. ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ 1859లో ఆంగ్లీకరించిన ఉమర్ ఖయ్యాం రుబాయీలు ప్రపంచ భాషలను ఆకర్షించినట్లే తెలుగునూ ఆకర్షించాయి. ఆదిభట్ల నారాయణదాసు పారశీక మూలాన్ని, ఫిట్జెరాల్డ్ అనువాదాన్ని కలిపి సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి పరివర్తించి 1932లో ప్రకటించాడు. దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చి మూలం నుండే అనువదించి, తన కృతికి 'పానశాల' అని పేరుపెట్టాడు.

ఈ పేరు విషయమై కొంత ఆలోచించవలసి ఉంది. రుబాయీ అన్నది ఛందోరూపం. ఖయ్యాం కవి పేరు. రామిరెడ్డి ఈ రెండింటినీ వదలి స్థలాన్ని శీర్షిక చేశాడు. ప్రార్థనాస్థలానికి ఎదురుగా పానశాలను నిలపడం పారశీక కవితా సంప్రదాయం. అక్కడ బోధకుడి అధికారం చెల్లదు. రాజూ పేదా ఒకే మట్టికి చెందినవారు. ప్రబంధ మధుపానంలో లేని తాత్త్విక సమత్వం ఈ పానశాలలో ఉంది. హైదరాబాదు నగర నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ కవితలో ఈ సంప్రదాయం ఏనాడో పలికింది. తెలుగు భావకవితా యుగపు పాఠకుడికి మాత్రం అది కొత్త కిటికీ.

అయితే ఆ సమత్వం చదువరుల సొత్తు. కల్లు దుకాణం ముందు పికెటింగు జరుగుతున్న కాలంలో పానశాల పుస్తకాన్ని పెద్దలు నిస్సంకోచంగా ఇంట్లో చదువుకోగలిగారు. వీధిలోని స్థలానికి కళంకం, పుస్తకంలోని స్థలానికి గౌరవం దక్కాయి. రెంటినీ విడదీసినది పానీయం కాదు, అక్షరాస్యత, అంతస్తు. స్వయంగా కృషీవలుడైన రామిరెడ్డి 'కృషీవలుడు' కావ్యంలో రైతును నాయకుణ్ణి చేశాడు. ఆ రైతు సాయంకాలం కూర్చొనే చోటు మాత్రం తెలుగు కవిత్వంలో పానశాలకు లభించిన శోభను పొందలేదు.

దుబగుంట వేసిన ప్రశ్న

రామిరెడ్డి పుట్టిన నెల్లూరు జిల్లాలోనే, 1992లో దుబగుంట గ్రామ స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలోని కథ వారికి ప్రేరణ అయింది. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతటా వినిపించింది. ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం సడలింది.

ఈ ఉద్యమాన్ని నైతికోద్యమంగా మాత్రమే చదవడం సరికాదు. 1980లలో ప్రభుత్వం వారుణివాహిని పేరుతో సారాను పొట్లాలలో సరఫరా చేసింది. పొట్లానికి కూర్చొనే చోటు అక్కరలేదు, సంభాషణ అక్కరలేదు. మండువాలో ఉన్న నీడ, ముచ్చట, గుడాలు అన్నీ తొలగి మత్తు ఒక్కటే మిగిలింది. కూలి డబ్బు ఇల్లు చేరకముందే దుకాణం చేరింది. మూడవ స్థలం పేరుతో పురుషుడు పొందిన సాయంకాలానికి వెల చెల్లించినది మొదటి స్థలమైన ఇల్లు. ఆ ఇంటిని నడిపినది స్త్రీ. స్త్రీని మధుగృహానికి ఆవల నిలిపి దాని సౌందర్యాన్ని వర్ణించిన సుదీర్ఘ సంప్రదాయానికి దుబగుంట సమాధానం చెప్పింది. మధుగృహ ఆకర్షణను గురించి చేసే ఏ పరిశీలన అయినా ఆ ఆకర్షణకు ఖర్చు ఎవరి ఖాతాలో పడిందన్న ప్రశ్నను దాటిపోలేదు.

ముగింపు

నేటి నాగరిక మధుగృహం ఈ చరిత్రకంతటికీ వారసురాలు. కౌటిల్యుడి గంధమాల్యాల అమరిక దానికి ఉంది. ఆపానకపు మిత్రగోష్ఠి ఛాయ ఉంది. ఖయ్యాం పానశాల నుండి ఎరువు తెచ్చుకొన్న తాత్త్విక ధోరణి దాని గోడల మీద అలంకారంగా కనిపిస్తుంది. స్త్రీ అతిథిగా వచ్చి ఆసనంపై కూర్చోవడం మధ్యతరగతి నగరజీవితంలో గణనీయమైన మార్పు. అయితే మండువాకు ఉన్న ఇరుగుపొరుగుతనం అక్కడ వెల రూపంలో వడపోతకు గురవుతుంది. పలక మీద ఎవరినీ నిషేధించరు. ధరల పట్టిక ఆ పని నిశ్శబ్దంగా చేస్తుంది. కులం చేసిన విభజనను వెల కొంతవరకు కొనసాగిస్తుంది. సొగసు ఆకర్షణకు కారణం. ఎంపికకు సాధనం కూడా.

ఈ పరిశీలన వల్ల రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, మధుగృహ ఆకర్షణకు మూలం మత్తు కంటే ముఖ్యంగా అమరిక, సామీప్యం, సాంగత్యం. ఇవి తొలగిన సారా పొట్లం దశలో ఆ స్థలం సమర్థనను కోల్పోయింది. రెండవది, ఇక్కడ పరిశీలించిన రచనలలో ఏ ఒక్కటీ ఈ మూడింటినీ సమగ్రంగా నమోదు చేయలేదు. కావ్యం అమరికను, మౌఖిక సాహిత్యం వృత్తిగౌరవాన్ని, గురజాడ నాటకం సాంగత్యాన్ని విడివిడిగా పట్టుకొన్నాయి. కనుక ఈ అంశంపై పరిశోధన గ్రంథాలతో ఆగిపోకూడదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం చూపిన పద్ధతిలో మండువా మాటలను, అక్కడి మర్యాదలను, పాత్రల పేర్లను, కూర్చొనే క్రమాన్ని గీతవృత్తి పెద్దల నోట విని సేకరించవలసి ఉంది. ఆ సేకరణలో వృత్తికుటుంబాల స్త్రీల జ్ఞాపకాలకు, దుకాణాలను మూయించిన స్త్రీల సాక్ష్యాలకు సమాన స్థానం లభించాలి. వర్ణనకూ నిందకూ మధ్య జారిపోయిన ఆ స్థలపు చరిత్రను అప్పుడే సమగ్రంగా రచించడం సాధ్యమవుతుంది.